చికిత్సకుని నిస్సహాయత: మదనపల్లె, వేలూరు అనుభవాలు

రోగి వైద్యుని వద్దకు ఆశతో వెళతాడు. ఆ ఆశలో కొంత మందు మీద ఉంటే, చాలా భాగం మందు ఇచ్చే మనిషి మీద ఉంటుంది. "డాక్టరుగారు చూశారు, ఇక భయం లేదు" అనే మాట రాయలసీమ పల్లెల్లో తరచుగా వినిపించేదే. అయితే ఆ డాక్టరుకు కూడా భయం వేస్తుందా? తాను చేయగలిగినదంతా చేసినా రోగి కోలుకోనప్పుడు ఆయన మనస్సు ఏమవుతుంది? రాత్రి ఇల్లు చేరిన తరువాత ఆ బరువును ఎక్కడ దించుకుంటాడు? ఈ ప్రశ్నలను రోగి అడగడు. వైద్యుడు చెప్పుకోడు. వైద్య గ్రంథాలలో వీటికి దొరికే చోటు కూడా స్వల్పమే.

ఇక్కడ చికిత్సకుడు అంటే ఎం.బి.బి.ఎస్. చదివిన వైద్యుడు మాత్రమే కాదు. మానసిక వైద్యుడు, మాటల ద్వారా మనోవ్యథను తగ్గించే సలహాదారు, రాత్రంతా మంచం పక్కన మేలుకొని ఉండే నర్సు, నాడి చూసే యునానీ హకీము, వీరందరూ ఆ మాట కిందికే వస్తారు. ఇతరుల బాధను తగ్గించడమే వృత్తిగా గలవారికి, ఆ బాధ తగ్గనప్పుడు కలిగే స్థితినే నిస్సహాయత అంటున్నాము. అది అజ్ఞానం కాదు, అశ్రద్ధ కూడా కాదు. తెలిసినదంతా చేసిన తరువాత కూడా మిగిలిపోయే ఖాళీ అది.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి దూరదేశాలకు పోనవసరం లేదు. ఒకప్పుడు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండి, తరువాత ఉత్తర ఆర్కాటు, దక్షిణ ఆర్కాటు, 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలుగా మారిన ఈ ప్రాంతంలోనే అందుకు తగిన ఉదాహరణలు కలవు.

తలుపు తెరుచుకోని రాత్రి

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ప్రజలకు పెద్ద జబ్బు వస్తే ముందుగా గుర్తుకు వచ్చే ఊరు వేలూరు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల పుట్టుకకు మూలం ఒక వైద్యుని నిస్సహాయత.

1890 తరువాతి సంవత్సరాలలో దక్షిణ ఆర్కాటులోని తిండివనంలో జాన్ స్కడర్ అనే అమెరికన్ వైద్యుడు ఉండేవాడు. అనారోగ్యంతో ఉన్న తల్లికి సాయపడడానికి ఆయన కుమార్తె ఐడా అక్కడికి వచ్చింది. ఆమెకు అప్పటికి వైద్యం తెలియదు, ఆ వృత్తి మీద ఇష్టమూ లేదు. ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవ వేదనలో ఉన్న తమ భార్యలను కాపాడమని ఆమెను వేడుకున్నారు. వారిలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మరొకరు వేరే కులపు హిందువు. తనకు వైద్యం రాదని, తండ్రిని పంపుతానని ఆమె చెప్పింది. పరపురుషుడు తమ స్త్రీలను చూడరాదని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఐడా స్కడర్ తన జీవితాన్ని మార్చిన సంఘటనగా దీనిని తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నది.

ఈ కథలో సాధారణంగా అందరి దృష్టి కుమార్తె మీదికి పోతుంది. తండ్రి స్థితిని కూడా గమనించవలసి ఉంది. ఆయనకు విద్య ఉంది, పనిముట్లు ఉన్నాయి, వెళ్ళాలనే కోరిక ఉంది. లేనిదల్లా లోపలికి వెళ్ళే దారి. ఆచారం ఆ తలుపు మూసింది. చికిత్సకుని నిస్సహాయత ఎల్లప్పుడూ మందు లేకపోవడం వల్లనే కలగదని ఈ సంఘటన చెబుతున్నది.

ఐడా స్కడర్ అమెరికా వెళ్ళి 1899లో వైద్య పట్టం పొందింది. 1900లో వేలూరులో పని ప్రారంభించింది. స్త్రీలకు వైద్యవిద్య నేర్పే పాఠశాలను 1918లో తెరిచింది. ఆ రాత్రికి జవాబు దొరకడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది. ఆ ముగ్గురు స్త్రీలకు మాత్రం ఆ జవాబు అందలేదు. నిస్సహాయత నుండి మంచి పుట్టవచ్చు, కాని అది జరిగిన నష్టాన్ని చెరిపివేయదు. ఈ రెండింటినీ కలిపి గుర్తుంచుకోవాలి.

మందు లేని ఆసుపత్రి

రెండవ ఉదాహరణ మదనపల్లెకు చెందినది. 2022 వరకు చిత్తూరు జిల్లాలో భాగంగా ఉండిన ఈ పట్టణానికి సమీపంలోనే ఆరోగ్యవరం ఉంది. అనేక క్రైస్తవ మిషన్ సంఘాలు కలిసి 1912లో ప్రారంభించిన క్షయ చికిత్సాలయం 1915 నుండి అక్కడ పనిచేసింది. డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధిపతి.

ఆనాటికి క్షయకు మందు లేదు. ఆ క్రిములను చంపగల మొదటి ఔషధమైన స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. అంటే దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆరోగ్యవరం వైద్యులు మందు లేని జబ్బుకు ఆసుపత్రి నడిపారు. కొండల నడుమ పొడిగాలి, మంచి ఆహారం, నెలల తరబడి విశ్రాంతి, ఇవే వారి ఔషధాలు. ఇవి చాలనప్పుడు రొమ్ములోకి గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడిచి విశ్రాంతినిచ్చేవారు. మరికొందరికి పక్కటెముకలను తొలగించే కఠినమైన శస్త్రచికిత్స చేసేవారు. కొందరు కోలుకొనేవారు, కొందరు కోలుకొనేవారు కాదు. ఎవరు ఏ వర్గంలో చేరతారో ముందుగా చెప్పగల సాధనం వైద్యుని వద్ద లేదు.

అలాంటి చోట పనిచేసే వైద్యుని ముందు రెండు సులభమైన దారులు ఉంటాయి. ఒకటి, లేని నమ్మకాన్ని నటించడం. రెండవది, ఎలాగూ చనిపోయేవారేనని మనస్సును రాయి చేసుకోవడం. ఆరోగ్యవరం చరిత్రలో కనిపించేది మూడవ దారి. ఏ చికిత్స ఎంతవరకు పనిచేసిందో పరిశీలించడం, ఇతర వైద్యులకు శిక్షణ ఇవ్వడం, ఆసుపత్రి గోడల వెలుపలికి పోయి జబ్బును వెదకడం వారు పనిగా పెట్టుకున్నారు. అక్కడ అధిపతిగా పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. 1948లో దేశంలో బి.సి.జి. టీకాల పని మొదలైనది మదనపల్లెలోనే. మొదటి అధిపతి కుమారుడు యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1950 నుండి 1955 వరకు చుట్టుపక్కల గ్రామాలలో ఇంటింటికీ వెళ్ళి క్షయ వ్యాప్తిని పరిశీలించే అధ్యయనం నడిపాడు. మంచం వద్ద చేయగలిగినది తక్కువని ఒప్పుకున్నవారికే ఇంటి గడప దాకా పోయి వెదకాలనే ఆలోచన తడుతుంది.

మందులు వచ్చిన తరువాత మరొక పరీక్ష ఎదురైంది. 1956లో మద్రాసులో ప్రారంభమైన అధ్యయనం, మందులు క్రమంగా వాడితే ఇంటి వద్ద ఉండి చికిత్స పొందినవారు కూడా చికిత్సాలయంలో ఉన్నవారితో సమానంగానే కోలుకుంటారని నిరూపించింది. కొండగాలి, నెలల విశ్రాంతి, ప్రత్యేక ఆహారం, ఇవన్నీ తప్పనిసరి కావని తేలింది. ఒక తరం వైద్యులు తమ జీవితమంతా పోసి నిర్మించిన పద్ధతి అవసరమే ఇలా తగ్గిపోయింది. అది రోగులకు శుభవార్త. చికిత్సకునికి మాత్రం అందులో ఒక చేదు ఉంది. తాను చేసినది అప్పటికి సరైనదే అయినా ఇక చాలదని అంగీకరించవలసి వచ్చింది.

మరికొన్నేళ్ళకు తిరుపతి ప్రాంతానికి దక్షిణంగా ఆనుకొని ఉన్న తిరువళ్ళూరు పరిసరాలలో బి.సి.జి. టీకాపై అతి పెద్ద పరీక్ష జరిగింది. 1968లో మొదలైన ఈ పరీక్ష ఫలితాలు 1979-80 నాటికి వెలువడ్డాయి. పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా అక్కడ ఆపలేదని అవి తెలిపాయి. పసిపిల్లలను తీవ్రమైన క్షయ నుండి కాపాడుతుంది కనుక టీకా కొనసాగుతున్నది. ఆశించినది జరగలేదన్న ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం కూడా నిస్సహాయతను నిజాయితీగా మోయడమే.

మనస్సుకు చికిత్స చేసేవారి సంకటం

క్షయ వైద్యునికి కఫ పరీక్ష, ఎక్స్‌రే వంటి సాధనాలున్నాయి. మానసిక చికిత్సకునికి అలాంటివి చాలా తక్కువ. వినడం, మాట్లాడడం, కొన్ని మందులు, వీటికి తోడు తన సొంత మనస్సే అతని పనిముట్టు. కనుక పని విఫలమైనప్పుడు దెబ్బ నేరుగా ఆ మనస్సుకే తగులుతుంది. మానసిక విశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ తన వృద్ధాప్యంలో, 1937లో, ఈ వృత్తిని పూర్తి సాఫల్యం ఎన్నడూ దొరకని వృత్తులలో ఒకటిగా లెక్కించాడు.

ఈ నిస్సహాయతకు అనేక ముఖాలున్నాయి. మొదటిది, ఏళ్ళ తరబడి వచ్చే రోగిలో మార్పు కనిపించకపోవడం. రెండవది, రోగి ఆత్మహత్య. 1988లో అమెరికాలో ప్రచురితమైన పరిశీలనలలో, ప్రశ్నలకు జవాబిచ్చిన మానసిక వైద్యులలో సుమారు సగం మంది తమ రోగులలో ఒకరినైనా అలా కోల్పోయినట్లు తెలిసింది. అలాంటి వైద్యుడు చివరిసారి జరిగిన సంభాషణను మనస్సులో పదే పదే తిరగేస్తాడు. ఏ మాట వినకుండా వదిలివేశాను, ఏ ప్రశ్న అడగలేదు అని తనను తాను విచారించుకుంటాడు. బంధువులకు ఓదార్పు చెప్పేవారు ఉంటారు, వైద్యునికి ఉండరు.

మూడవ ముఖం ఈ ప్రాంతానికి బాగా తెలిసినది. రోగి బాధకు మూలం మనస్సులో కాక బతుకులో ఉండడం. ఉదాహరణకు మదనపల్లె వైపు నుండి నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని ఒక తల్లి తిరుపతి ఆసుపత్రికి వచ్చిందనుకుందాం. బోరు ఎండిపోయింది, అప్పు పెరిగింది, కొడుకు కువైటులో పనికి పోయి ఆరు నెలలుగా డబ్బు పంపలేదు. ఇంట్లో ఆమె మాట్లాడేది దక్కనీ ఉర్దూ. వైద్యుని వద్ద తెలుగులో చెప్పుకోవాలి. "జీ ఘబ్రాతా" అని ఇంటిలో అనేది ఇక్కడ "దడగా ఉంది సార్" అయిపోతుంది. మధ్యలో చాలా దుఃఖం జారిపోతుంది. వైద్యుడు నిద్రకు మాత్ర ఇవ్వగలడు. కొడుకును రప్పించలేడు, బోరులో నీరు పడేలా చేయలేడు. బయట నలభై మంది వేచి ఉన్నారు. లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడైనా సగటున లేని దేశంలో ఇది ఒక్క ఆసుపత్రి కథ కాదు.

దాచిన నిస్సహాయత ఏమి చేస్తుంది?

నిస్సహాయత దానంతట అది పాపం కాదు. దానిని దాచినప్పుడే అది హానిగా మారుతుంది. అలా మారే విధాలు మూడు.

మొదటిది అతి చికిత్స. ఏమీ చేయలేకపోవడం కంటే ఏదో ఒకటి చేయడం మేలనే తొందర ఇది. మానసిక రోగులకు సరైన మందులు లేని కాలంలో, 1935లో, మెదడులోని నరాలను కోసే శస్త్రచికిత్స మొదలైంది. దానిని ప్రారంభించిన ఎగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఎందరో రోగులు ఆ కోతతో తమ వ్యక్తిత్వాన్నే కోల్పోయారు. నేడు ఆ పద్ధతి ఒక హెచ్చరికగా మిగిలింది.

రెండవది రోగిని నిందించడం. "నీకు బాగుపడాలని లేదు", "చెప్పినట్లు వినడు", "ఈమెది అంతా నటన" అనే మాటలు చాలాసార్లు చికిత్సకుని అలసట నుండి పుడతాయి. రోగి వాటిని తీర్పుగా తీసుకొని ఇక రావడం మానుకుంటాడు.

మూడవది బంధించడం. చేతకానిచోట గొలుసు వస్తుంది. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ప్రసిద్ధ దర్గా చుట్టూ మానసిక రోగులను ఉంచే ప్రైవేటు ఆశ్రయాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6న వాటిలో ఒకదానిలో నిప్పు అంటుకున్నది. గొలుసులతో కట్టి ఉంచిన రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది మరణించారు. వారిని అక్కడికి తెచ్చి వదిలిన కుటుంబాలలో చాలావరకు క్రూరులు కావు, దిక్కుతోచనివారు. నిస్సహాయతను ఎవరితోనూ పంచుకొనే దారి లేనప్పుడు అది ఎంతదూరం పోగలదో ముస్లిం సమాజం మరువరాని రీతిలో ఆ రోజు చూపింది. ఆ తరువాత గుజరాత్‌లోని ఉనావా మీరా దాతార్ దర్గాలోను, ఏర్వాడిలోను 'దవా-దువా' పద్ధతి వచ్చింది. దువా కోసం వచ్చినవారికి అక్కడే మానసిక వైద్యుని మందు కూడా అందుతుంది. ముజావరు, వైద్యుడు ఒకరినొకరు శత్రువులుగా చూడకుండా ఎవరి పరిధి ఎంతో ఒప్పుకోవడమే ఇందులోని సారం.

ఇంటిలో చికిత్సకుడు

ఆసుపత్రిలో వైద్యునికి తెల్లకోటు ఉంది, ఇంటిలో లేదు. అతని తల్లికి మతిమరుపు వస్తుంది, కొడుకు మాట వినడు, భార్యకు క్యాన్సరు సోకుతుంది. "మీరు డాక్టరు కదా" అని బంధువులు అంటారు. ఆ ఒక్క మాట అతని దుఃఖాన్ని రెట్టింపు చేస్తుంది. ఇతరుల ఇళ్ళలో ఆయన వైద్యుడు, తన ఇంటిలో కేవలం కొడుకు, తండ్రి, భర్త.

స్టెతస్కోపును 1816లో కనుగొన్న ఫ్రెంచి వైద్యుడు లేనెక్ ఊపిరితిత్తుల జబ్బులను వినడం ప్రపంచానికి నేర్పాడు. చివరకు ఆయన రొమ్మును ఆ సాధనంతోనే పరీక్షించిన బంధువు క్షయ శబ్దాలను విన్నాడు. 1826లో 45 ఏళ్ళ వయస్సులో లేనెక్ ఆ జబ్బుతోనే మరణించాడు. ఫ్రాయిడ్ 1920లో కుమార్తె సోఫీని, 1923లో ఆమె నాలుగేళ్ళ కుమారుణ్ణి కోల్పోయాడు. ఆ బాలుణ్ణి తీసుకుపోయినది క్షయే. ఎందరి దుఃఖాన్నో విప్పి చూసిన ఆయన ఆ దుఃఖం నుండి పూర్తిగా తేరుకోలేకపోయాడు.

ఇస్లామీ వైద్యచరిత్రలో అబూబకర్ అల్-రాజీ (865-925) పేరు తెలియనివారు అరుదు. రయ్, బగ్దాదు ఆసుపత్రులకు అధిపతిగా పనిచేసిన ఆయన చివరి రోజులలో చూపు కోల్పోయాడు. ఎందరికో వైద్యం చేసిన మనిషి తన కన్నులను కాపాడుకోలేకపోయాడు. నిపుణులైన వైద్యులు సైతం అన్ని జబ్బులనూ నయం చేయలేరనే విషయం మీద ఆయన ఒక ప్రత్యేక రచనే చేసినట్లు చరిత్రకారులు నమోదు చేశారు. ఆయన సమకాలికుడు అబూ జైద్ అల్-బల్ఖీ శరీరం, మనస్సు రెండింటి ఆరోగ్యాన్ని ఒకే గ్రంథంలో చర్చించాడు. వైద్యుని పరిధిని గుర్తించడం వైద్యాన్ని తక్కువ చేయడం కాదని ఆ తరం పండితులకు తెలుసు.

బరువును పంచుకొనే మార్గాలు

అయితే చికిత్సకుడు ఏమి చేయాలి? అనుభవం కొన్ని మార్గాలు చూపుతున్నది.

ఒకటి, కుటుంబాన్ని చికిత్సలో భాగస్వామిని చేయడం. 1957లో డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్ వేలూరు సమీపంలోని బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించినప్పటి నుండి అక్కడ రోగితోపాటు బంధువు కూడా ఉండే పద్ధతి సాగుతున్నది. తల్లి వంట చేస్తుంది, అన్న రోగి పక్కన పడుకుంటాడు. జబ్బు ఏమిటో, ఎంతవరకు తగ్గవచ్చో వైద్యుడు వారితో మాట్లాడతాడు. బరువంతా ఒక్క భుజం మీద పడదు, గొలుసుతో పని ఉండదు.

రెండు, చికిత్సకులు తమలో తాము మాట్లాడుకోవడం. 1950 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ బాలింట్ అనే వైద్యుడు, కుటుంబ వైద్యులను వారానికొకసారి కూర్చోబెట్టి, తమను కలవరపెట్టిన రోగుల గురించి చెప్పుకొనే ఏర్పాటు చేశాడు. అక్కడ ఎవరూ ఎవరికీ మార్కులు వేయరు. నాకు తోచలేదు అని నిర్భయంగా అనవచ్చు. తిరుపతిలో గాని, చిత్తూరులో గాని ఇందుకు కావలసినది పెద్ద భవనం కాదు. ఒక గది, నాలుగు కుర్చీలు, పరస్పర విశ్వాసం చాలు.

మూడు, నిజం చెప్పడం. "మీ జబ్బు పూర్తిగా పోదు. అయినా మీరు రండి, నేను ఉన్నాను" అనే మాట చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ మాట విన్న రోగి ఆశ కోల్పోతాడని చాలామంది భయపడతారు. నిజానికి రోగిని ఎక్కువగా కుంగదీసేది వైద్యుడు చూపు తప్పించడమే.

నాలుగు, విశ్రాంతిని నేరంగా భావించకపోవడం. సేవ చేసేవారు లోపల కాలి బూడిదయ్యే స్థితిని హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ 1974లో వర్ణించాడు. అది ముందుగా సోకేది నిర్లక్ష్యపరులకు కాదు, అంకితభావం గలవారికే. వైద్యునికి సెలవు ఇవ్వడం రోగికి చేసే మేలు కూడా.

చివరగా, ముస్లిం చికిత్సకునికి తన విశ్వాసంలోనే ఒక ఆధారం ఉంది. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది, ప్రయత్నం మనిషి చేతిలో ఉంది. ఈ మాటను చేతులు దులుపుకోవడానికి వాడుకుంటే అది తవక్కుల్ కాదు, సోమరితనం. చేయవలసినదంతా చేసిన తరువాత మిగిలిన ఫలితాన్ని తన తప్పుగా మోయకుండా ఉండడమే తవక్కుల్. అలాగే సబ్ర్ అంటే కన్నీరు లేకపోవడం కాదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని కోసం దుఃఖించి చూపు కోల్పోయారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ పసికందు ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారు. ప్రవక్తల కన్నులకే తగిన కన్నీరు వైద్యుని కన్నులకు అవమానం ఎలా అవుతుంది?

తిండివనంలో తలుపు తెరుచుకోలేదు. ఆరోగ్యవరంలో మూడు దశాబ్దాలు మందు లేదు. అయినా ఆ వైద్యులు పని వదలలేదు, అన్నీ తమ చేతిలో ఉన్నాయని నటించలేదు కూడా. రేపు ఉదయం తిరుపతి ఆసుపత్రిలో అదే తల్లి మళ్ళీ వస్తుంది, అదే దడ అని చెబుతుంది. వైద్యుడు ఆమె కొడుకును రప్పించలేడు. కుర్చీ దగ్గరగా జరిపి, ఆమె చెప్పేది చివరి వరకు వినగలడు.